బెల్టుషాపుపై లైసెన్సుదారుకు దావా హక్కు ఉందా?

2024 అక్టోబరు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం చిల్లర వ్యాపారం ప్రభుత్వ దుకాణాల నుంచి మళ్లీ ప్రైవేటు లైసెన్సుదారుల చేతికి వచ్చింది. 3,396 దుకాణాలను లాటరీ తీసి కేటాయించారు. దరఖాస్తుకు కట్టిన 2 లక్షల రూపాయలు లాటరీ తగలకపోయినా తిరిగి రావు. తగిలినవారు లైసెన్సు రుసుము చెల్లించి, నిర్ణీత వేళల్లో, 21 ఏళ్లు నిండినవారికే, బడికీ గుడికీ దూరంగా ఉండి అమ్మాలి. పెద్దాపురంలో అలా దుకాణం దక్కించుకున్న వ్యక్తికి చుట్టుపక్కల పల్లెలోని కిరాణా కొట్టు వెనక లైసెన్సు లేకుండా నడిచే బెల్టుషాపు పోటీ అయితే, చట్టం ఏం ఇస్తుంది? ఆ బెల్టుషాపు నుంచి నష్టపరిహారం రాబట్టడం నేటి చట్టంలో దాదాపు అసాధ్యం. అయితే అధికారుల చేత చర్య తీయించే హక్కు లైసెన్సుదారుకు ఉందనీ, దానికి అడ్డుగా చూపే తీర్పులు ఈ పరిస్థితికి వర్తించవనీ నా వాదన.

ఆ తీర్పుల్లో మొదటిది గోదావరి జిల్లాల వారికి బాగా తెలిసిన వ్యాపారం గురించే. నాగర్ రైస్ అండ్ ఫ్లోర్ మిల్స్ కేసు (1970)లో, అనుమతితో మరోచోటికి మారిన రైస్ మిల్లుపై పోటీ మిల్లు యజమాని అభ్యంతరం చెబితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పోటీ లేకుండా వ్యాపారం చేసుకునే హక్కు ఎవరికీ లేదంది. జస్‌భాయ్ మోతీభాయ్ దేశాయి కేసులో, కొత్త సినిమా హాలుకిచ్చిన నిరభ్యంతర పత్రాన్ని సవాలు చేసిన పాత హాలు యజమానికి ఆ అర్హత లేదని తేల్చింది. ఈ రెంటిలోనూ ఎదుటివాడి చేతిలో అధికారి ఇచ్చిన కాగితం ఉంది. వాది దాన్ని రద్దు చేయమన్నాడు. బెల్టుషాపు దగ్గర రద్దు చేయడానికి ఏ కాగితమూ లేదు. న్యాయమైన పోటీని భరించమన్న సూత్రాన్ని నేరంతో నడిచే పోటీకి వర్తింపజేయడం ఆ తీర్పులు చెప్పనిది చెప్పించడమే.

అలాగని సివిల్ దావా సులభమని కాదు. ప్రత్యేక ఉపశమన చట్టం 38వ సెక్షన్ కింద శాశ్వత నిషేధాజ్ఞ కావాలంటే, ప్రతివాదికి వాది పట్ల ఒక బాధ్యత ఉందని చూపాలి. ఎక్సైజ్ చట్టం రాబడి కోసం, ప్రజారోగ్యం కోసం వచ్చింది, వ్యాపారుల లాభం కోసం కాదని ప్రతివాది అంటాడు. పైగా మద్యం అమ్మడం ప్రాథమిక హక్కు కాదనీ, రాజ్యం ఇచ్చే వెసులుబాటు మాత్రమేననీ ఖోడే డిస్టిలరీస్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇవి బలమైన అడ్డంకులే. అయితే ఈ చివరి సూత్రం అధికారికీ బాధ్యత మోపుతుంది. ఆ వెసులుబాటును డబ్బు తీసుకుని ఇచ్చింది రాజ్యమే అయినప్పుడు, అది లేనివాడు అదే పని చేస్తుంటే అధికారి చూస్తూ ఊరుకోకూడదు. ముందు ఎక్సైజ్ అధికారికి ఆధారాలతో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, స్పందన లేకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో మాండమస్ (అధికారి తన విధి నిర్వర్తించాలనే ఆదేశం) కోరడమే గట్టి దారి. కోర్టు దాడులను పర్యవేక్షించదు. గడువులోగా ఫిర్యాదును తేల్చమనగలదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. బెల్టుషాపుకు సరుకు ఆకాశం నుంచి రాదు. తరచు లైసెన్సు దుకాణం వెనక తలుపు నుంచే పెట్టెలకు పెట్టెలు వెళ్తుంది. తాను పోసిన సీసాపై తానే ఫిర్యాదు చేసేవాడిని కోర్టు ఎందుకు నమ్మాలి? నమ్మకూడదు. రిట్ అధికార పరిధిలో చేతులు శుభ్రంగా ఉన్నవాడికే ఉపశమనం. ఫిర్యాదుదారు తన నిల్వ, అమ్మకం రికార్డులను కోర్టు ముందు పెట్టాలి; పట్టుబడిన సీసాల మీది ఎక్సైజ్ లేబుళ్ల ఆధారంగా అవి ఏ దుకాణానికి వెళ్లాయో డిపో లెక్కల్లో వెతికించాలి. సరుకు తనదే అని తేలితే పిటిషన్ పోవడమే కాదు, లైసెన్సూ పోవాలి. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ఈ లెక్క వ్యాపార తగాదాగా మిగల్లేదు, తాగేవాడి ప్రాణానికి సంబంధించినదైంది.

మద్యం వ్యాపారికి ఇంత రక్షణ దేనికని అడిగేవారూ ఉంటారు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన మహిళల సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. కానీ వేళాపాళా లేని, వయసు చూడని, అప్పుమీద పోసే బెల్టుషాపు ఎక్కువ కీడు చేసేది ఆ ఆడవాళ్ల ఇళ్లకే. ఈ ఒక్క విషయంలో లైసెన్సుదారు స్వార్థమూ పల్లె మేలూ ఒకే దిక్కుకు నడుస్తాయి.

గంజాయి విషయంలో కాలిఫోర్నియా ఇలాంటి చిక్కునే ఎదుర్కొని, 2023లో శాసనం చేసి లైసెన్సుదారులకే అక్రమ వ్యాపారులపై దావా హక్కు ఇచ్చింది. మన దగ్గర 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద గంజాయికి అలాంటి బహిరంగ చిల్లర మార్కెట్ లేదు కనుక ఆ పోలిక మద్యానికే పనికొస్తుంది. మన శాసనసభ అదే హక్కును ఎక్సైజ్ చట్టంలో చేర్చదలిస్తే, దావా వేసినవారి డిపో లెక్కల తనిఖీని అందులో తప్పనిసరి చేయాలి. ఆ హక్కును ఒక్క లైసెన్సుదారుకే పరిమితం చేయకుండా, బెల్టుషాపు నడిచే గ్రామంలోని మహిళా సంఘాలకూ ఇవ్వాలి.