గాలితో కారును నేలకదిమిన జిమ్ హాల్



గాలివానకు ఇంటి రేకులు లేచిపోవడం మనం చూస్తూనే ఉంటాం. పందెపు కారుకూ ఇలాంటి గండమే ఉంది. వేగం బాగా పెరిగాక గాలి కారు ముక్కును పైకెత్తుతుంది. ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గి, స్టీరింగు తేలికైపోతుంది. ఈ ప్రమాదాన్ని డ్రైవరుగా స్వయంగా అనుభవించి, తన షెడ్డులోనే విరుగుడు వెతికినవారు అమెరికాకు చెందిన జిమ్ హాల్.

ఆయన 1935లో టెక్సాస్ రాష్ట్రంలో పుట్టారు. చమురు వ్యాపారం ఉన్న కుటుంబం. చిన్న వయసులోనే విమాన ప్రమాదంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. కాలిఫోర్నియాలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. 1963లో ఫార్ములా వన్ పందేల్లోనూ పాల్గొన్నారు.

చమురు రంగంలోనే ఉన్న హాప్ షార్ప్ అనే మరో డ్రైవరుతో కలిసి మిడ్లాండ్ పట్టణంలో 'చాపరల్' కార్ల నిర్మాణం మొదలుపెట్టారు. ఎగరడం కంటే పరుగెత్తడానికే ఇష్టపడే ఒక పక్షి పేరది. నేలను వదలకూడని కారుకు అంతకంటే తగిన పేరు దొరకదు! షెడ్డు పక్కనే సొంత ట్రాక్ ఉండేది. ఉదయం బిగించిన భాగాన్ని సాయంత్రానికి నడిపి చూసే వీలు చాలా పెద్ద కంపెనీలకు కూడా లేని రోజులవి.

1965లో ఫ్లోరిడాలోని సీబ్రింగ్‌లో పన్నెండు గంటల పందెం జరిగింది. మధ్యలో కుండపోత వాన కురిసి ట్రాక్ చెరువైపోయింది. ఫోర్డ్, ఫెరారీ కార్లను వెనక్కి నెట్టి హాల్, షార్ప్ తమ కారునే గెలిపించారు.

అసలు వింత 1966లో వచ్చిన 2ఇ కారు. దాని వెనుక రెండు నిలువు కమ్మీల మీద ఎత్తుగా ఒక రెక్క. విమానం రెక్క పైకి లేపితే, ఇది కిందికి నొక్కుతుంది. ఆ ఒత్తిడి కారు ఒంటి మీద కాక సరాసరి వెనుక చక్రాల మీద పడేలా అమర్చారు. క్లచ్ పెడల్ లేని కారు కనుక డ్రైవరు ఎడమకాలు ఖాళీయే. తిన్నని దారిలో ఆ కాలితో పెడల్ తొక్కితే రెక్క చదునై గాలికి అడ్డు తగ్గేది. మలుపు దగ్గర వదిలేస్తే వాలి, చక్రాలను అదిమిపట్టేది. ఆ ఏడాది లగూనా సెకాలో ఫిల్ హిల్ మొదటి స్థానంలో, హాల్ రెండో స్థానంలో వచ్చారు.

తక్కినవారూ రెక్కలు పెట్టారు. 1969లో బార్సిలోనాలో రెక్కలు విరిగి రెండు లోటస్ కార్లు ప్రమాదానికి గురయ్యాక, ఫార్ములా వన్‌లో ఎత్తు రెక్కలను నిషేధించారు. అంతకుముందే, 1968లో, లాస్ వేగాస్ పందెంలో ముందున్న కారును ఢీకొని హాల్ కాళ్లు విరిగాయి. పెద్ద పందేల్లో ఆయన డ్రైవింగు దాదాపు అక్కడితో ముగిసింది.

నిర్మాణం మాత్రం ఆగలేదు. 1970 నాటి 2జె కారు వెనుక రెండు పెద్ద ఫ్యాన్లు. మంచు మీద నడిచే బండి ఇంజనుతో అవి తిరిగి కారు అడుగునున్న గాలిని లాగేసేవి. కారు నేలకు అతుక్కుపోయేది. రివర్‌సైడ్‌లో అర్హత పరుగులో అది మిగతా వారికంటే రెండు సెకన్లకు పైగా ముందుంది. ఫ్యాన్లు దుమ్ము ఎగజిమ్ముతున్నాయని ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. వెనకబడినవారి కళ్లలోనే దుమ్ము పడుతుంది మరి! ఒక్క పందెమూ గెలవకుండానే ఆ కారును నిషేధించారు. భద్రత పేరు చెప్పినా, ఓటమి భయమే ఎక్కువగా పనిచేసిందని నాకనిపిస్తుంది.

పదేళ్ల తర్వాత, 1980లో, చాపరల్ 2కె ఇండియానాపొలిస్ 500 గెలిచింది. జాన్ బర్నార్డ్ రూపకల్పన, జానీ రూథర్‌ఫర్డ్ డ్రైవింగు, యజమాని జిమ్ హాల్. ఆ పసుపుపచ్చ కారుకు ఫ్యాన్లు లేవు. అడుగున మలచిన సొరంగాల్లాంటి దారుల్లో పరుగెత్తే గాలే దాన్ని నేలకు అదిమి ఉంచింది.