సిడ్నీ మాట వినని ఊరు

సిడ్నీలో పది గంటలైతే బ్రోకెన్ హిల్‌లో తొమ్మిదిన్నర. రెండూ న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలోవే. రాష్ట్రమంతా ఒక టైము నడిస్తే, పడమటి ఎడారి అంచున ఉన్న ఈ ఊరు మాత్రం పక్క రాష్ట్రమైన సౌత్ ఆస్ట్రేలియా గడియారం చూసుకుంటుంది. ఫోన్ కోడ్ కూడా అడిలైడ్‌దే. సిడ్నీ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, అడిలైడ్ అందులో సగం. దూరం వల్లే ఇలా అయిందనుకుంటాం గానీ, దీని వెనక రైలు పట్టాల తగాదా ఒకటుంది.

1883లో చార్లెస్ రాస్ప్ అనే జర్మన్, మౌంట్ గిప్స్ గొర్రెల ఫారంలో కంచెలు చూసుకునే పనివాడు, ఒక నల్లటి గుట్ట మీద రాళ్లు ఏరి తగరం దొరికిందనుకున్నాడు. తోటివాళ్లను కలుపుకుని మొత్తం ఏడుగురు వాటాలు వేసుకున్నారు. తగరం కాదు, వెండీ సీసమూ బయటపడ్డాయి. 1885లో పెట్టిన బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీయే ఇప్పటి బీహెచ్‌పీ. ఆ నేల విల్యకాలి ప్రజలది. వాళ్లనెవరూ అడగలేదు.

తవ్విన ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలంటే దగ్గరి రేవు సౌత్ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ. ఆ రాష్ట్రం సరిహద్దు దాకా పట్టాలు వేసేసింది. న్యూసౌత్‌వేల్స్ మిగతా దారి తాను వేయదు, పొరుగు ప్రభుత్వాన్ని తన గడ్డ మీద వేయనివ్వదు. చివరికి ఒక ప్రైవేటు కంపెనీ ముందుకొచ్చింది. 1888లో సిల్వర్టన్ ట్రామ్‌వే మొదలైంది. పేరుకే ట్రామ్, నడిచింది నిఖార్సైన రైలు. సిడ్నీ నుంచి నేరుగా పట్టాలు రావడానికి 1927 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నలభై ఏళ్లలో సరుకులు, పేపర్లు, చుట్టరికాలు, ఆడే ఫుట్‌బాల్ అన్నీ అడిలైడ్ వైపే కుదురుకున్నాయి.

ఊళ్లో తిరిగేవాళ్లకు మొదట నవ్వొచ్చేవి వీధుల పేర్లు: అర్జెంట్, ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, అయోడైడ్, బ్రోమైడ్. ఎవరైనా అడ్రసు చెబుతుంటే ఇంటర్ కెమిస్ట్రీ పాఠం అప్పజెబుతున్నట్టుంటుంది. ఊరి ఉత్తరాన రేకులతో కట్టిన చిన్న మసీదు ఉంది. ఒంటెల మీద సరుకు మోసిన వాళ్లు కట్టుకున్నది. అందరినీ కలిపి ‘అఫ్ఘాన్లు’ అనేవారు గానీ, వాళ్లలో అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చినవాళ్లూ ఎందరో.

1892లో సమ్మె చేసి కార్మికులు ఓడిపోయారు. నాయకులు జైలుకెళ్లారు. 1909లో కంపెనీ గేట్లు మూసింది. 1919లో మళ్లీ సమ్మెకు దిగి, ఏకంగా పద్దెనిమిది నెలలు పని మానేశారు. ఈసారి వారానికి 35 గంటల పని సాధించుకున్నారు. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు పరిహారం వచ్చింది. ఆ తర్వాత సంఘాలన్నీ బారియర్ ఇండస్ట్రియల్ కౌన్సిల్‌గా ఒక్కటయ్యాయి. సంఘాలదే ఒక దినపత్రిక, ‘బారియర్ డైలీ ట్రూత్’. అది 1908 నుంచే రోజూ వచ్చేది. ఒక దశలో ఊళ్లో మేయర్ మాట కన్నా కౌన్సిల్ మాటకే విలువెక్కువ. పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదన్నదీ ఆ కౌన్సిలే. ఆ కట్టుబాటు 1980ల మొదటి దాకా నడిచింది. కార్మిక స్వర్గమని పొగిడేవాళ్లు ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

నాకు మాత్రం ఈ ఊరి చరిత్రలో అందరికన్నా ఆల్బర్ట్ మోరిస్ గొప్పగా కనిపిస్తాడు. గనిలో ఖనిజం పరీక్షించే ఉద్యోగి. మొక్కల పిచ్చి. కొలుములకూ గనుల ఆసరా దుంగలకూ చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారు. మిగిలిన పచ్చదనాన్ని మేకలు, కుందేళ్లు గొరిగేశాయి. ఇక గాలి లేస్తే ఎర్ర ఇసుక కంచెలను కప్పేసి ఇళ్లలోకి వచ్చేది. ఇసుక నిలవాలంటే కుందేళ్లు దూరలేని కంచె వేసి నేలను దాని మానాన వదిలేస్తే చాలన్నాడు మోరిస్. మట్టిలో పడున్న గింజలు వాటంతటవే లేస్తాయన్నది ఆయన నమ్మకం. 1936లో జింక్ కార్పొరేషన్ అనే గని కంపెనీ డబ్బు పెట్టింది. వాన పడేసరికి కంచె లోపల ఉప్పుపొదలు, గడ్డి మొలిచాయి. బయట ఇసుక ఇసుకలాగే ఉంది. ఫలితం పూర్తిగా చూడకుండానే 1939లో ఆయన పోయాడు. భార్య మార్గరెట్ ఆ పని వదల్లేదు. బీహెచ్‌పీ ఊరు విడిచిపోయిందీ ఆయన పోయిన ఏడాదే.

గని వ్యర్థాల గుట్ట మీద ఇప్పుడు స్మారకం ఉంది. గనుల్లో చనిపోయిన ఎనిమిది వందల మందికి పైగా కార్మికుల పేర్లు, ఎవరు ఎలా పోయారో దాని మీద రాశారు. 2015లో ఊరు మొత్తాన్నీ జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆస్ట్రేలియాలో ఒక నగరానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. సీసం దుమ్ము కారణంగా పిల్లల రక్తపరీక్షలు మాత్రం నేటికీ తప్పడం లేదు. ఇప్పుడు జనాభా 17 వేల పైచిలుకు.

నీళ్ల తగవు ఇంకా తెగలేదు. ఒకప్పుడు కరువొస్తే రైలు ట్యాంకుల్లో నీళ్లు తెచ్చిన ఊరు. తర్వాత డార్లింగ్ నది పక్కన మెనిండీ చెరువుల నుంచి గొట్టాలు వేశారు. 2019 నుంచి 270 కిలోమీటర్ల పైపులైనులో మర్రీ నది నీళ్లు వస్తున్నాయి. అదే ఏడాది జనవరిలో మెనిండీ దగ్గర లక్షల చేపలు చచ్చి తేలాయి. ఊరికి వేరే దారిలో నీళ్లిచ్చేస్తే డార్లింగ్‌ను ఎగువ పత్తి రైతులకు ధారపోయొచ్చన్నదే సిడ్నీ పన్నాగమని మెనిండీవాళ్లు అంటారు. కాదు, కరువుకు తట్టుకునే ఏర్పాటని ప్రభుత్వం అంటుంది.