వైద్య ప్లాస్టిక్‌లలో ప్రత్యామ్నాయ ప్లాస్టిసైజర్ల భద్రత

రక్తం సంచులు, సెలైన్ గొట్టాలు, డయాలసిస్ గొట్టాలు వంటి పీవీసీ సామగ్రిని మెత్తబరచడానికి డీఈహెచ్‌పీ అనే థాలేట్‌కు బదులుగా వాడే రసాయనాలను ప్రత్యామ్నాయ ప్లాస్టిసైజర్లు అంటారు. టీఓటీఎం, డించ్, డీఈహెచ్‌టీ, బీటీహెచ్‌సీ వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఎంత సురక్షితమో తేల్చడానికి మూడు విషయాలు చూడాలి: ద్రవంలోకి ఎంత చేరుతోంది, చేరినది శరీరంలో ఏం చేస్తోంది, సంచిలోని రక్తం లేదా మందు నాణ్యత నిలుస్తోందా.

నేపథ్యం

పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. వంగే గొట్టంగానో సంచిగానో మలచాలంటే, బరువులో సాధారణంగా 20 నుంచి 40 శాతం వరకు ప్లాస్టిసైజర్ కలపాలి. అది పీవీసీతో రసాయనికంగా బంధం ఏర్పరచుకోదు. అందుకే కొవ్వు ఉన్న ద్రవం తగిలితే మెల్లగా బయటికి వస్తుంది. నిల్వ ఉంచిన రక్తంలోకి ఇలా చేరుతోందని 1970లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జేగర్, రూబిన్ వెల్లడించారు.

శరీరంలో డీఈహెచ్‌పీ నుంచి ఏర్పడే ఎంఈహెచ్‌పీ, జంతు ప్రయోగాల్లో మగ జంతు పిల్లల వృషణాల ఎదుగుదలను దెబ్బతీసింది. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న నెలలు నిండని శిశువుకు ఒకేసారి అనేక గొట్టాలు అమర్చుతారు. శరీర బరువు తక్కువ కాబట్టి, ప్రతి కిలోకూ చేరే మోతాదు పెద్దలకంటే చాలా ఎక్కువ.

ముఖ్య ప్రత్యామ్నాయాలు

టీఓటీఎం: అణుభారం సుమారు 547, డీఈహెచ్‌పీది 391. అణువు పెద్దది కావడంతో చాలా తక్కువగా బయటికి వస్తుంది. గొట్టాల్లో వాడటానికి ఇదే దీని బలం.

డించ్: బీఏఎస్ఎఫ్ సంస్థ 2002లో మార్కెట్లోకి తెచ్చింది. కొవ్వు ద్రవాల్లోకి ఇదీ గణనీయంగానే చేరుతుంది; అయితే సంతానోత్పత్తిపై డీఈహెచ్‌పీ చూపే తరహా హాని ప్రయోగాల్లో కనబడలేదు. ఎక్కువ మోతాదులో ఎలుకల మూత్రపిండాలు, థైరాయిడ్‌పై ప్రభావం కనిపించింది.

డీఈహెచ్‌టీ: దీనిలోనూ డీఈహెచ్‌పీలోనూ ఉన్న పరమాణువులు అవే, సంఖ్యా అంతే. బెంజీన్ వలయంపై రెండు గొలుసులు పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా ఉంటాయి. ఈ మార్పు వల్ల శరీరంలో ఇది చాలావరకు టెరెఫ్తాలిక్ ఆమ్లంగా విడిపోతుంది. వృషణాలకు హాని చేసే గుణం ప్రయోగాల్లో కనబడలేదు.

బీటీహెచ్‌సీ: సిట్రేట్ వర్గానికి చెందినది. రక్తం సంచుల్లో వాడుతున్నారు.

రక్తం సంచుల చిక్కు

రక్తంలోకి చేరే డీఈహెచ్‌పీ ఎర్ర కణాల పొరలో ఇమిడి, కణాలు పగలకుండా కాపాడుతుంది. దాన్ని తీసేస్తే నిల్వలో హీమోలైసిస్, అంటే ఎర్ర కణాలు పగిలిపోవడం, పెరగవచ్చు. నిల్వ గడువు చివరికి హీమోలైసిస్ యూరప్‌లో 0.8 శాతం, అమెరికాలో 1 శాతం దాటకూడదు. కాబట్టి తక్కువ విషపూరితం అయినంత మాత్రాన కొత్త ప్లాస్టిసైజర్ రక్తం సంచికి పనికొస్తుందని చెప్పలేం. సరైన నిల్వ ద్రావణంతో కలిపి పరీక్షించాలి.

నియంత్రణ

అమెరికా ఎఫ్‌డీఏ 2002లో మగ శిశువులు, మగ శిశువును మోస్తున్న గర్భిణులు, యుక్తవయసుకు చేరువైన బాలుర విషయంలో ప్రత్యామ్నాయాలు పరిశీలించమంది. అవసరమైన చికిత్సను మాత్రం మానవద్దని స్పష్టం చేసింది. ఫ్రాన్స్ 2015లో శిశు, ప్రసూతి విభాగాల్లో డీఈహెచ్‌పీ గొట్టాలను నిషేధించింది. యూరప్ 2017/745 నిబంధన ప్రకారం, శరీరంలోకి వెళ్లే లేదా మందులు, ద్రవాలు చేరవేసే పరికరాల్లో డీఈహెచ్‌పీ వంటి పదార్థం బరువులో 0.1 శాతం మించితే కారణం చూపాలి. కాలిఫోర్నియాలో 2030 నుంచి సెలైన్ సంచుల్లో, 2035 నుంచి గొట్టాల్లో డీఈహెచ్‌పీ వాడకూడదు.

ఎంపిక

ఏ ఒక్క ప్రత్యామ్నాయమూ అన్ని అవసరాలకూ సరిపోదు. కొవ్వు కలిసిన పోషక ద్రవాలకు, పాక్లిటాక్సెల్ వంటి క్యాన్సర్ మందులకు ఈవీఏ, పాలియోలెఫిన్ వంటి పీవీసీయేతర సామగ్రి మేలు. ‘డీఈహెచ్‌పీ రహితం’ అన్న ముద్ర ఒక్కటే భద్రతకు హామీ కాదు. దాని స్థానంలో ఏ రసాయనం ఉందో, వాడే ద్రవంలోకి అది ఎంత చేరుతుందో తయారీదారు తెలియజేయాలి. కొనేముందు, ముఖ్యంగా శిశు విభాగాలకు కొనేముందు, ఆసుపత్రి ఆ వివరం అడిగి తీసుకోవాలి.