పన్నెండు మెట్ల వెనక ఒక యువరాజు

కీబోర్డు మీద సా నుంచి పై సా దాకా పన్నెండు మెట్లు, అన్నీ సమానం. ఈ సమానాన్ని ఎవరో కూర్చుని లెక్క కట్టారు. ఆయన చైనా మింగ్ వంశపు యువరాజు, జూ జైయూ.

ముందు చిక్కేంటో చూద్దాం. సా నుంచి పా కి వెళ్తే ఫ్రీక్వెన్సీ ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ పా నే సా అనుకుని ఇంకో పా కి ఎక్కండి. ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న సా దగ్గర తేలాలి, అంటే 128 రెట్లు. కానీ ఒకటిన్నరని పన్నెండుసార్లు గుణిస్తే దాదాపు 129.75! చిన్న తేడానే, చెవికి మాత్రం తెలిసిపోతుంది. హాన్ కాలంలో జింగ్ ఫాంగ్ అనే పండితుడు 60 మెట్లదాకా వెళ్లాడు. అప్పుడూ సరిగ్గా కలవలేదు.

జైయూ తండ్రి చక్రవర్తినే విమర్శించి ఖైదయ్యాడు. కొడుకేమో భవనం బయట మట్టి ఇల్లు కట్టుకుని 19 ఏళ్లు అందులోనే ఉన్నాడని మింగ్ వంశ చరిత్ర చెబుతుంది. తండ్రి విడుదలయ్యాకే మళ్లీ లోపలికి వెళ్లాడట.

1584 నాటికి ఆయన పరిష్కారం సిద్ధం. పా స్వచ్ఛంగా ఉండాలన్న పట్టు వదిలేశాడు. ఏ సంఖ్యని పన్నెండుసార్లు గుణిస్తే సరిగ్గా రెండు వస్తుందో, అదే ఒక్కో మెట్టు. మరి రెండుకి పన్నెండో మూలం ఎలా తీస్తాం? వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం, దానికి ఘనమూలం. అంతే! మనం ఒక్క లైన్ కోడ్‌లో తెచ్చుకునే 1.059463ని, ఆయన 81 వరుసల అబాకస్ మీద పూసలు జరిపి పాతిక అంకెలదాకా తీశాడు. వేళ్లు ఎంత నొప్పెట్టాయో! పైగా గొట్టాల్లో పొడవొక్కటే మారిస్తే శ్రుతి కుదరదని, వ్యాసాన్ని కూడా ఒక లెక్క ప్రకారం తగ్గించాడు.

మింగ్ ఆస్థానం దీన్ని వాడుకలోకి తేలేదు. యూరప్‌లో సైమన్ స్టెవిన్ 1605 ప్రాంతంలో ఇదే లెక్క వేశాడు, కొన్ని తప్పులతో. అది అచ్చయింది 1884లో.

ఈ పద్ధతికి మూల్యం చెల్లించింది గాంధారం. తంబురాలో వినిపించే అంతర గాంధారం సా కి 1.25 రెట్లు, సమాన మెట్లలో అది దాదాపు 1.26. మన దగ్గర ఈ గొడవంతా హార్మోనియం మీద పడింది. గమకం పలకదన్నది ఒక ఫిర్యాదైతే, ఈ మెట్లు ఇంకో ఫిర్యాదు. ఆల్ ఇండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971లో గానీ సడలించలేదు.

ఇంట్లో తంబురా యాప్ ఉంటే పెట్టి, అదే శ్రుతిలో కీబోర్డు మీద గాంధారం నొక్కి పట్టుకోండి. ఆ చిన్న వణుకు వినిపిస్తుంది.