హిస్టమిను, కోలిను, కాలేయము

జలుబు చేసినను, ఒడలెల్ల దద్దుర్లు లేచినను, తేనెటీగ కుట్టినను, నేడు మన యిండ్లలో మొదట వెదకబడునది యొక చిన్న మాత్ర. యాంటీహిస్టమినులని వైద్యులు పిలుచు నీ మందులు వెలకు స్వల్పములు, అంగడిలో సులభములు, గుణమునకు త్వరితములు. ఇట్టి వస్తువునెడ మనకు భయము పుట్టదు. భయము పుట్టనిచోట విచారణయు పుట్టదు. అయినను వీనిని గూర్చి మూడు ప్రశ్నలు చదువుకొన్న కుటుంబములలో వినవచ్చుచున్నవి. ఇవి శరీరమును లావుచేయునా? కాలేయమును చెఱచునా? కోలినను పోషకద్రవ్యమును దేహమునుండి హరించునా? ఔననియో కాదనియో యొక్కమాటలో తేల్చివేయువారు పెక్కండ్రు గలరు. మేము చరిత్రమార్గమున నుత్తరమును వెదకదలచితిమి. ఏలయనగా హిస్టమిను, కోలిను, కాలేయము అను నీ మూడు పేర్లును సుమారు నూఱేండ్లక్రిందట నొకే పరిశోధనమున గలిసికొన్నవి. ఆ కథ తెలిసినవారికి నేటి గందరగోళము చాలవఱకు విడిపోవును.

మూటిలో కోలిను పేరు ప్రాచీనమైనది. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ స్ట్రెకర్ జంతువుల పైత్యరసమునుండి యొక ద్రవ్యమును వేఱుచేసి, 1862లో దానికి కోలినని పేరిడెను. గ్రీకుభాషలో పిత్తమునకు గల పేరే దీనికి మూలము. రంజకపిత్తమునకు కాలేయప్లీహములు స్థానములని సుశ్రుతుడు చెప్పియున్నాడు. పిత్తమునకును కాలేయమునకును గల సంబంధమును మన పూర్వులును, పాశ్చాత్యులును తమ తమ మార్గములలో గుర్తించిరన్నమాట. కాని కోలిను దేహమున జేయు పనియేమో స్ట్రెకరునకు దెలియదు. దాని పేరునందే దాగియున్న కాలేయసంబంధము బయటపడుటకు మఱి డెబ్బది యేండ్లు పట్టినది.

హిస్టమిను తరువాత వచ్చినది. 1907లో విండౌస్, ఫోగ్ట్ అను జర్మను పండితులు దానిని కృత్రిమముగా దయారుచేసిరి. అప్పటికది సీసాలోని రసాయనము మాత్రమే. 1910లో ఇంగ్లాండున బార్జరు, హెన్రీ డేల్ అనువారు రై ధాన్యపు వెన్నులకు బట్టు నొకానొక శిలీంధ్రమునుండి యీ ద్రవ్యమునే గైకొనిరి. డేల్, లెయిడ్లా అను నిరువురును దానిని జంతువుల కెక్కించి చూచిరి. రక్తపుపోటు పడిపోయెను, కొన్ని జంతువులకు శ్వాసనాళములు బిగిసికొనిపోయెను. ఒక ద్రవ్యము పడని జంతువునకు దానినే మరల నెక్కించినప్పుడు గలుగు విపత్తును ఈ లక్షణములు పోలియుండుట డేల్ కనిపెట్టెను. కాని హిస్టమిను ప్రాణిదేహమున సహజముగా నుండునదియా, లేక కుళ్లుటచే బుట్టునదియా యను సంశయము మిగిలిపోయినది.

ఆ సంశయము 1927లో దీఱినది. లండను నగరమున హాంప్‌స్టెడ్డునందలి జాతీయవైద్యపరిశోధనాలయమున డేల్, డడ్లీ, థార్ప్, చార్లెస్ బెస్ట్ అను నలువురు తాజా కాలేయమును, ఊపిరితిత్తులను దీసికొని, రక్తనాళములను సడలించు ద్రవ్యములేవో వెదకిరి. వారికి దొరకినవి రెండు: ఒకటి హిస్టమిను, రెండవది కోలిను. నేడు మనము మందుచీటి చూచి తికమకపడు రెండు పేర్లును ఆనాడు కాలేయపు రసములో నిరుగుపొరుగుగా గనబడినవి. ఆ నలువురిలో చార్లెస్ బెస్ట్ చదువరు లెఱిగినవాడే; 1921లో కెనడాయందలి టొరాంటోలో బాంటింగుతో గూడి మధుమేహమునకు ఇన్సులినును సాధించిన యువకుడు.

బెస్ట్ టొరాంటోకు మరలిపోయిన పిమ్మట కథ కొత్త మలుపు తిరిగినది. క్లోమము తీసివేసిన కుక్కలను ఇన్సులినుతో బ్రదికింపవచ్చునుగాని, కొంతకాలమునకు వాని కాలేయము క్రొవ్వుతో నిండి చెడిపోవుచుండెను. పచ్చి క్లోమమును మేతలో గలిపినచో ఆ కీడు తప్పుచుండెను. క్లోమములోని యే పదార్థ మీ మేలు చేయుచున్నదని వెదకుచు బోగా ముందు లెసిథిను, ఆ లెసిథినులోని భాగమైన కోలిను తేలినవి. 1932లో బెస్ట్, హెర్షీ, హంట్స్‌మను అనువారు ఎలుకలపై దీనిని నిరూపించిరి. దీని కారణము నేడు స్పష్టముగా దెలిసినది. కాలేయము క్రొవ్వును రక్తములోనికి బంపుటకు చిన్నచిన్న మూటలు గట్టును. ఆ మూటల పైపొరకు కోలినుతో గూడిన లెసిథిను కావలయును. గాదెలో ధాన్యమున్నను గోనెసంచులు లేనిచో బండి కదలదుగదా! అట్లే కోలిను కొఱవడిన కాలేయమున క్రొవ్వు పేరుకొనును. 1991లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున, కోలిను లేని యాహారమును మూడు వారములు దినిన ఆరోగ్యవంతులైన పురుషుల రక్తమున కాలేయపీడకు గుఱుతులు గానవచ్చినవి. అటుపిమ్మట 1998లో అమెరికా వైద్యసంస్థ పురుషులకు దినమునకు 550 మిల్లీగ్రాములు, స్త్రీలకు 425 మిల్లీగ్రాములు చాలునని పరిమాణము నిర్ణయించినది.

కోలినునకు మఱియొక పనియు గలదు. దానికి వెనిగరుసంబంధమైన యొక యంశము చేరినచో ఎసిటైల్‌కోలిను అగును. ఇది నాడులు పంపు వార్తను గండరములకు, గ్రంథులకు నందించు దూత. దాని గుణములను డేల్ 1914లో వర్ణించెను. నాడి యిట్టి ద్రవ్యమును విడుచునని ఆటో లోవీ 1921లో కప్పల గుండెలపై జూపెను. 1929లో డేల్, డడ్లీ దానిని ఎద్దు, గుఱ్ఱముల ప్లీహమునుండి వేఱుచేసిరి. 1936లో డేల్, లోవీలకు నోబెల్ బహుమానము వచ్చినది. కోలిను వేఱు, ఎసిటైల్‌కోలిను వేఱు: మొదటిది ముడిసరకు, రెండవది చేసిన వస్తువు. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొందురుగాక.

ఇక మందుల పుట్టుక. హిస్టమిను తాకుటకు జీవకణములపై ప్రత్యేకస్థానములు గలవు. తాళమునకు బీగపుచెవి యెట్లో, ఆ స్థానమునకు హిస్టమిను అట్లు. ఆ రంధ్రమును వేఱొక వస్తువుతో మూసివేసినచో హిస్టమిను వచ్చియు నేమియు జేయజాలదు. పారిసునందలి పాస్టరు సంస్థలో డేనియల్ బోవే, ఆన్ మరీ స్టాబ్ అనువారు 1937లో ఇట్టి మొదటి ద్రవ్యమును గనుగొనిరి; కాని యది మనుష్యుల కీయదగనంతటి విషము. 1942లో హాల్పెర్న్ పరీక్షించిన ఆంటెర్గాను రోగులకు బనికివచ్చినది. 1944లో బోవే మెపిరమిను దెచ్చెను. అదే కాలమున అమెరికాయందు జార్జి రీవెష్‌ల్ డైఫెన్‌హైడ్రమినును దయారుచేసెను. అది 1946లో రోగులకు లభించినది. బోవేకు 1957లో నోబెల్ బహుమానము గలిగెను.

కాని యీ తొలితరపు మందులొక్క తాళముతో దృప్తిపడునవి కావు. ఇవి మెదడులోనికి జొరబడి, అచ్చట మేలుకొలుపు పని చేయు హిస్టమినును గూడ నడ్డగించును, అందుచే నిద్ర. ఎసిటైల్‌కోలిను తాళమును గూడ మూయును; అందుచే నోరెండుట, చూపు మసకబాఱుట, మలబద్ధము, మూత్రము బిగియుట. ఉమ్మెత్త తిన్నవాని యవస్థ మన పల్లెలలో నెల్లర కెఱుకయే: ఎండిన నాలుక, విప్పారిన కనుపాపలు, తెలివితప్పిన మాటలు. ఈ మందుల దుర్గుణము ఆ జాతిదే, మోతాదు మాత్రము చిన్నది.

మూడవ ప్రశ్నకు సమాధాన మిక్కడ దొరకును. మందుపొత్తములలో ‘కోలినువిరోధి’ యను మాట చూచి, ఈ మాత్రలు దేహములోని కోలినును దఱిగించుననియు, కోలిను గుళికలు మ్రింగినచో నష్టము పూడుననియు దలచుట పొరపాటు. మందు మూయునది ఎసిటైల్‌కోలిను చేరవలసిన తలుపును. కోలిను నిలువను గాదు. తలుపు గడియవేసియుండగా నుత్తరము వ్రాయుటకు మఱిన్ని కాగితములు కొనిన నేమి ప్రయోజనము? గడియ తీయుటయే మార్గము. అనగా మందును మానుటయో, మార్చుటయో. ఈ మందులు కాలేయమునకు గావలసిన కోలినును హరించి క్రొవ్వు పట్టించునను మాటకు ఆధారము లేదు.

అంతమాత్రమున నిర్భయముగా నుండవలదు. తలుపు చిరకాలము మూసియుంచుటయే వృద్ధులకు గీడు కావచ్చును. 2015లో ప్రకటితమైన యొక అమెరికా పరిశోధనమున 65 ఏండ్లు దాటిన 3434 మందిని ఏండ్లతరబడి పరిశీలింపగా, ఇట్టి గుణముగల మందులను మిక్కిలిగా వాడినవారిలో మతిభ్రంశ మధికముగా గానవచ్చినది. ఆ మందులలో తొలితరపు యాంటీహిస్టమినులును గలవు. సంబంధము గానవచ్చినంతమాత్రమున కారణము నిశ్చయమైనదని చెప్పరాదు. అయినను నిద్రకొఱకు రాత్రిరాత్రి ఈ మాత్రను వృద్ధులకిచ్చు నలవాటును మానుట కిది చాలును.

మొదటి ప్రశ్న శరీరపు బరువును గూర్చినది. ఇందు సత్యము గలదు. 1962లో సైప్రోహెప్టడిను అను మందును ఉబ్బసపు పిల్లలకిచ్చి చూచిన వైద్యులు, వారి యాకలియు బరువును బెరుగుటను ప్రకటించిరి. యాంటీహిస్టమినుల పరిశోధనమునుండియే పుట్టి, 1952నుండి మనోవ్యాధులకు వాడబడిన క్లోర్‌ప్రోమజిను రోగులను స్థూలకాయులను జేయుట వైద్యు లెఱిగినదే. మెదడులో నాకలిని నడపు భాగమున హిస్టమిను ‘ఇక చాలు’ నని చెప్పు వస్తువులలో నొకటి. దానిని మూసినచో నాకలి హద్దు జరుగును. బరువు పెంచు మనోవ్యాధిమందులు ఎలుకల మెదడున ఈ మార్గముననే పనిచేయునని 2007లో దెలిసినది. 2010లో ప్రకటితమైన అమెరికా లెక్కలలో, వైద్యుని చీటిపై యాంటీహిస్టమినులు వాడువారు వాడనివారికంటె బరువైనవారుగా గానవచ్చిరి. కాని యిదియు సంబంధమేకాని నిరూపణము గాదు. రెండు మూడు దినములు జలుబునకు వేసికొన్న మాత్ర యెవ్వరిని లావుచేయదు. నెలలు, ఏండ్లు గడచినప్పుడే విచారింపవలసియుండును.

ఇక్కడ మన యిండ్లను గూర్చి యొక్కమాట చెప్పక తప్పదు. పిల్లవాడు అన్నము తినడని, బక్కగానున్నాడని, పెండ్లి కెదిగిన పిల్ల చిక్కిపోయినదని, ఆకలిమందను పేర సైప్రోహెప్టడిను పానకమును పట్టించు వాడుక మన దేశమున విస్తారముగా గలదు. అమెరికాలో ఈ మందునకు ఆకలి పెంచుట అంగీకరింపబడిన ప్రయోజనము గాదు. వైద్యుడు పరీక్షించి, కారణమెఱిగి యిచ్చినచో నది వేఱు సంగతి. పొరుగింటివారి మాటపై సీసా దెచ్చుట మాత్రము బిడ్డ మెదడులోని ‘చాలు’ నను మాటను నోరు నొక్కుటయే. దానిచే వచ్చిన బరువు ఆరోగ్యము కానేరదు. మందు మానిన పిమ్మట నిలుచునను నమ్మకమును లేదు. పైగా ఆ బిడ్డ బడిలో గూర్చుండి కన్నులు మూయును; ఉపాధ్యాయుడు సోమరియని దండించును. నులిపురుగులా, రక్తహీనతయా, కడుపునిండ జాలినంత తిండి లేకపోవుటయా యను విచారణము పానకముతో ముగిసిపోవును. జలుబుమందుల విషయమున మాత్రము ప్రభుత్వము మేల్కొన్నది: క్లోర్‌ఫెనిరమిను, ఫినైలెఫ్రిను కలిపిన మందు నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాపై వ్రాయవలెనని 2023 డిసెంబరులో భారత ఔషధనియంత్రణాధికారి యాజ్ఞాపించెను.

రెండవ ప్రశ్న కాలేయమునుగూర్చినది. ఈ మందులు నేరుగా కాలేయమును జెఱచుట మిక్కిలి అరుదు. అయితే తొలితరపు మందులను జాలవఱకు విఱిచి వెలికిబంపు భారము కాలేయమునదే. కాలేయము మునుపే చెడియున్నవారికి మందు దేహమున నిలిచిపోవును. రోగము ముదిరినవారిని మత్తులోనికి, తుదకు స్మృతితప్పు స్థితికి నెట్టును. దీనికి చరిత్రలో నొక గొప్ప గుణపాఠము గలదు. నిద్ర రానీయని కొత్తతరపు మందుగా టెర్ఫెనడిను 1985లో అమెరికాయందు వెలువడెను. అది కాలేయమున మాఱి, మాఱిన రూపముననే మేలుచేయునది. కాలేయపు పనిని అడ్డగించు కీటోకొనజోలు, ఎరిత్రోమైసిను వంటి మందులతో గలిసినప్పుడు అది మాఱక రక్తమున నిండి గుండెలయను దప్పించి ప్రాణములు దీసెను. 1998నాటికి అమెరికా అంగడినుండి తొలగింపబడెను. దాని మాఱిన రూపమైన ఫెక్సోఫెనడినే దాని స్థానమును గైకొన్నది. తప్పు ఒక్క మందుది గాదు. రెండవ మందు సంగతి వైద్యునకు జెప్పని మౌనమునందును గలదు.

కాలేయమునకు క్రొవ్వుపట్టుటకు నేడు ముఖ్యకారణములు స్థూలత్వము, మధుమేహము, మద్యము. కావున ఏండ్లతరబడి మందు వాడి యాకలి పెరిగి బరువెక్కినవానికి, ఆ బరువుద్వారమున కాలేయమునకు హాని రావచ్చుననుట యుక్తమే. అది మందు సూటిగా చేసిన హానియని మాత్రము చెప్పరాదు. కోలిను కావలెనన్నను గుళికలకై పరుగిడ నక్కఱలేదు. ఒక పెద్ద కోడిగ్రుడ్డులో సుమారు 150 మిల్లీగ్రాములు గలదు. మాంసము, చేపలు, పాలు, సోయాచిక్కుళ్లు, వేరుసెనగలు అందఱకు దొరకునవియే. గ్రుడ్డు ముట్టనివారు, ముఖ్యముగా గర్భిణులు, చూలింతలు, తమ భోజనమున నిది చాలునట్లు చూచుకొనవలయును.

కనుక మా విన్నపము స్వల్పము. తుమ్ములకు, దురదలకు ఈ మందులు చేయు మేలును నిరాకరింపవలదు. 1937కు పూర్వము ఆ బాధకు సరియైన యడ్డుకట్ట లేదుగదా. కాని ఎన్నిదినములు వాడవలయునో వైద్యుని అడిగి వ్రాసికొనుడు. వాడుచున్న యితరౌషధముల పేర్లన్నియు నాయనకు జెప్పుడు. వృద్ధులకును, కాలేయరోగులకును, పసివారికిని మీయంతట మీరు ఈయకుడు. నెలలతరబడి వాడవలసినవారు నెలకొకమాఱు బరువు తూచుకొనుడు. పెరుగుచున్నచో వేఱుమందు గలదేమోయని ప్రశ్నింపుడు. నాలుగు పరిశోధనాలయములలో, ఏండ్లకొలది శ్రమతో, ఒక్కొక్క సంశయమును దీర్చుచు మనుష్యులీ జ్ఞానమును గూర్చిరి. మందుచీటిపైనున్న నాలుగు పంక్తులను చదువుటకు మనము బద్ధకించినచో ఆ శ్రమ మన యింటిగడప దాటి లోనికి రాదు.