‘పిక్ అప్’కు పర్యాయపదాలు: చేవెళ్ల, మొయినాబాదు వాడుక ఆధారంగా ఒక పరిశీలన

ఇంగ్లీషులో ‘పిక్ అప్’ అనే జంటక్రియకు అర్థం అడిగితే ‘ఎత్తు, తీసుకొను’ అని రాయించి వదిలేయడం మన తరగతి గదుల్లో మామూలు. ఆ రెండు మాటలతో పిల్లవాడికి అందేది చాలా కొంచెం. దేన్ని ఎత్తుతున్నాం, ఎక్కణ్నుంచి, ఎవరి కోసం అన్నవి తేలకుండా ఈ క్రియకు పర్యాయపదం చెప్పలేం. తెలంగాణలోని మొయినాబాదు, చేవెళ్ల మండలాల్లో రైతులు, కూలీలు, బండ్లవాళ్లు మాట్లాడే తెలుగులో ఈ తేడాలకు వేర్వేరు క్రియలు సిద్ధంగా ఉన్నాయి.

క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం పూర్తిగా మారిపోయే ఈ పద్ధతి విదేశీయులకు మింగుడుపడదని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ఇలాంటి జంటక్రియలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది.

ముందు పొలం సంగతి చూద్దాం. ఇక్కడ బంతి, చామంతి, గులాబి తోటలున్నాయి. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. చెట్టు మీది పువ్వును ‘తెంపుతారు’. ఇంగ్లీషులో ఇక్కడ ‘పిక్’ ఒక్కటే సరిపోతుంది, ‘అప్’ చేరకూడదు. కింద రాలిన చింతకాయను ‘ఏరుతారు’. ఇక్కడ మాత్రం ‘అప్’ కావాలి. క్యారెట్‌ను ‘పీకుతారు’; దానికి ఇంగ్లీషు ‘పిక్’ అంతగా కుదరదు. తెంపుడుకు ‘పిక్’, ఏరుడుకు ‘పిక్ అప్’ అని సూత్రం కట్టేద్దామంటే పత్తి అడ్డం వస్తుంది. పత్తి చెట్టు మీదే ఉంటుంది, అయినా మనం ‘పత్తి ఏరుడు’ అంటాం. ఇంగ్లీషువాళ్లు ‘అప్’ లేకుండానే చెబుతారు. విచ్చిన కాయలను వెతికి వెతికి ఒక్కొక్కటే తీయడం మన ‘ఏరు’కు ముఖ్యం. ఇంగ్లీషు ‘అప్’కు కింది నుంచి పైకి రావడం ముఖ్యం. రెండు భాషల చూపూ వేరు. ఈ మాట ఒక్కసారి చెబితే పొలం ఎరిగిన పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

ఇంతకన్నా విలువైన తేడా ‘తోల్కరా’, ‘పట్కరా’ల మధ్య ఉంది. “బిడ్డను బడికెళ్లి తోల్కరా” అంటారు, “దుకాణంల కెళ్లి చక్కెర పట్కరా” అంటారు. మనిషికి ఒక క్రియ, వస్తువుకు మరొకటి. ఇంగ్లీషులో బిడ్డకూ చక్కెరకూ ఒకే ‘పిక్ అప్’. కోస్తా జిల్లాల్లో ‘తోలు’ ఎక్కువగా పశువులకూ బండికీ చెల్లుతుంది కాబట్టి, అక్కడి చెవికి ‘తోల్కరా’ మోటుగా తోచవచ్చు. అలా తోచడం అన్యాయం. నడవగలిగినవాళ్లను వెంటబెట్టుకొని రావడం అన్న అర్థాన్ని ఈ మాట కచ్చితంగా చెబుతుంది. ప్రామాణిక తెలుగులోని ‘తీసుకురా’ మనిషినీ సంచినీ కలిపేస్తుంది.

ఈ మాటల్లోని ‘కొను’ను గమనించాలి. తోలుకొని రా, పట్టుకొని రా అన్నవే కుదించుకుపోయి తోల్కరా, పట్కరా అయ్యాయి. ఏరుకొను, ఎత్తుకొను, అందుకొను, పుంజుకొను అన్నిటిలోనూ అదే ఉంది. ఇంగ్లీషు ‘అప్’ దిక్కును చెప్పి పని ముగిసిందని సూచిస్తే, ‘కొను’ ఆ పని ఫలం కర్తకే చెందిందని చెబుతుంది. జంటక్రియకు తెలుగులో సాటి వెతకవలసింది ఇలాంటి సంయుక్త క్రియల్లోనే.

కంటికి కనిపించని వాటి దగ్గర తెలుగు మరీ సంపన్నం. వింటూ వింటూ భాష వస్తే ‘అబ్బింది’, ‘వంటబట్టింది’, జలుబైతే ‘అంటుకుంది’, బేరం ‘పుంజుకుంది’, బస్సు వేగం ‘అందుకుంది’. అన్నిటికీ ఇంగ్లీషులో ‘పిక్ అప్’ చెల్లుతుంది. ఫోన్ దగ్గర మాత్రం ఇక్కడివాళ్లు ‘ఎత్తుత లేడు’ అంటారు. దక్కనీ ఉర్దూలో ఎత్తడం అనే అర్థమున్న ‘ఉఠానా’ దానికి తోడు.

ఇక ఈ మండలాల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మీద ‘పికప్’ తెలుగు మాటే అయిపోయింది. డ్రైవరు ‘పికప్ చేసుకుంటా’నంటాడు, మెకానిక్ ‘బండికి పికప్ లేదు’ అంటాడు, దుకాణదారు ‘గిరాకీ పికప్ అయింది’ అంటాడు. చేయు, ఉండు, అవు అనే మూడు క్రియలతో తెలుగు వ్యాకరణం ఆ అరువు మాటను మూడు అర్థాలుగా విడదీసింది. మూలభాషలో లేని స్పష్టత ఇది.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు 2022–23లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, ద్విభాషా పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. ఆ పుస్తకాల్లో ఇక్కడి వాడుకకు చోటివ్వడానికి ఆధారమూ ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం, రైతు మాటను శాస్త్రీయంగా సేకరించవచ్చని అప్పుడే చూపింది. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఇంగ్లీషు జంటక్రియల అర్థపట్టికల్లో ‘తోల్కరా’, ‘పట్కరా’, ‘ఏరు’, ‘అబ్బు’లను ఒక్కొక్క సందర్భ వాక్యంతో సహా చేర్చాలి. చేవెళ్ల బడి పిల్లలకు ఆ మాటలు కొత్తగా నేర్పనక్కర్లేదు.