సగం సిగరెట్ త్సోయ్‌కి

మాస్కోలో అర్బాత్ వీధి పక్కన క్రివోఅర్బాత్‌స్కీ అనే చిన్న సందులో ఓ గోడ ఉంది. రాత మీద రాత, రంగు మీద రంగు పడి, అసలు గోడ ఏ రంగుదో తెలియనంతగా నిండిపోయింది. దాని ముందుకొచ్చిన కుర్రాడు జేబులోంచి సిగరెట్ తీస్తాడు. మధ్యకి విరుస్తాడు. సగం అక్కడ పెట్టి వెళ్లిపోతాడు. మన ఊళ్లలో పోయినవాడికి ఇష్టమని సమాధి దగ్గర చుట్టో, బీడీ కట్టో పెట్టి రావడం లాంటిదే ఇదీ. ఆ సగం విక్తర్ త్సోయ్‌కి.

1990 ఆగస్టు 15న త్సోయ్ చనిపోయాడని ఆ గోడ మీద ఎవరో రాశారు. బతికే ఉన్నాడని కింద ఇంకెవరో జవాబు రాశారు. 2006లో గోడ మొత్తానికి రంగు కొట్టేశారు. కొన్నాళ్లకే మళ్లీ నిండింది.

సోవియట్ భూమి పత్రిక కాగితాలతో స్కూలు పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరం మనది. నున్నటి కాగితం, నవ్వుతున్న ట్రాక్టరు డ్రైవరు, నిండుగా పండిన గోధుమచేను... మనకు తెలిసిన సోవియట్ యూనియన్ అంతే. అదే రోజుల్లో అదే దేశంలో, లెనిన్‌గ్రాద్ బొగ్గు బాయిలర్ల గదుల్లో, వంటిళ్లలో చేరిన స్నేహితుల మధ్య, చేతులు మారే టేపుల్లో ఇంకో దేశం ఉండేది. త్సోయ్ అక్కడి పాటగాడు.

1962 జూన్ 21న లెనిన్‌గ్రాద్‌లో పుట్టాడు. తండ్రి కొరియా మూలాలున్న ఇంజినీరు, తల్లి రష్యన్, బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని. చిత్రలేఖనం నేర్పే బడిలోంచి పంపేస్తే చెక్క చెక్కడం నేర్చుకున్నాడు. చెక్కతో జపాన్ తరహా బుల్లి బొమ్మలు చెక్కి స్నేహితులకు ఇచ్చేవాడట. 1981లో మిత్రులతో బృందం కట్టాడు. దాని పేరు కొన్నాళ్లకు 'కినో' అయింది. అంటే సినిమా.

తొలి ఆల్బమ్ 1982లో వచ్చింది. 'వచ్చింది' అంటే దుకాణానికి కాదు. పిల్లలకు సాంకేతిక విద్య నేర్పే ఓ సర్కారు భవనంలో ఆంద్రేయ్ త్రోపిల్లో అనే సౌండ్ ఇంజినీరు చాటుగా స్టూడియో నడిపేవాడు. డ్రమ్స్‌కి సొంత మనిషి లేడు, 'అక్వేరియం' బృందం నాయకుడు బోరిస్ గ్రెబెన్‌షికోవ్ తన వాళ్లను వెంటబెట్టుకొచ్చి సాయం పట్టాడు. నిడివి దాదాపు 45 నిమిషాలని ఆల్బమ్ పేరు కూడా '45' అనే పెట్టేశారు. పేరు కోసం ఇంతకన్నా తక్కువ శ్రమ పడిన బృందాన్ని నేనెరగను.

అక్కణ్నుంచి అసలు ప్రయాణం. పెద్ద చక్రాల టేపు రికార్డరు ఉన్నవాడు ఒక కాపీ తీసుకుంటాడు. వాడి దగ్గర పక్కూరివాడు, వాడి దగ్గర సైన్యంలోకి వెళ్తున్న తమ్ముడు. కాపీ నుంచి కాపీ తీసేకొద్దీ బుసబుస శబ్దం పెరిగి, గొంతు దూరమవుతూ పోయేది. ప్రతి వినేవాడి చేతిలో ఉన్నది కాస్త వేరే ఆల్బమ్. డబ్బు ఎవరికీ రాలేదు. ప్రభుత్వ రికార్డు కంపెనీ 'మెలోదియా' 1988లో వాళ్ల 'రాత్రి' ఆల్బమ్‌ను గ్రామఫోన్ రికార్డుగా తెచ్చేటప్పుడు బృందాన్ని అడగనే లేదు.

తిండికి ఏం చేసేవాడు? పని లేకుండా తిరిగితే ఆ దేశంలో నేరం. అందుకే సంగీతకారులు కాపలాదారులుగా, బాయిలర్‌లో బొగ్గు వేసేవాళ్లుగా చేరేవారు. ఉద్యోగం ఉన్నట్టు కాగితం ఉంటుంది, పొయ్యి మండుతున్నంతసేపూ గిటారు వాయించుకోవచ్చు. త్సోయ్ 1986 నుంచి 1988 దాకా బ్లోఖిన్ వీధిలోని ఓ బాయిలర్ గదిలో పారతో బొగ్గు ఎత్తాడు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'కమ్చాత్కా'. ఇప్పుడది అభిమానులు వచ్చిపోయే క్లబ్బు.

బొగ్గు ఎత్తుతున్నవాడే దేశమంతా తెలిసిపోయాడు. 1987 నాటి 'అస్సా' సినిమా చివర్లో, కిక్కిరిసిన జనం ముందు మార్పు కోరే పాట పాడాడు. అది రాజకీయ పాట కాదని చెప్పేవాడు. ఎవరు వింటారు! 2020లో బెలారస్ నిరసనల్లోనూ అదే పాట. మిన్స్క్‌లో ఓ సర్కారు కార్యక్రమంలో దాన్ని వేసిన ఇద్దరు సౌండ్ ఇంజినీర్లకు పది రోజుల జైలు పడింది. రాసినవాడి మాట కన్నా విన్నవాళ్ల అవసరం పెద్దది.

1990 జూన్ 24న మాస్కో లూజ్నికి స్టేడియంలో కచేరీ. ఆ రాత్రి స్టేడియంలోని ఒలింపిక్ జ్యోతిని వెలిగించారు. అదే బృందం చివరి పెద్ద కచేరీ అయింది.

ఆ వేసవి లాత్వియా సముద్రతీరంలో ఓ పల్లెలో గడిపాడు. గిటారిస్టు యూరి కాస్పర్యాన్ చిన్న నాలుగు ట్రాకుల రికార్డరు పట్టుకొచ్చాడు. ఇద్దరూ కొత్త పాటలకు నమూనా రికార్డు చేసుకున్నారు. ఆగస్టు 15 మధ్యాహ్నం చేపల వేట నుంచి తిరిగొస్తూ త్సోయ్ నడుపుతున్న మాస్క్‌విచ్ కారు ఎదురుగా వస్తున్న ఇకారస్ బస్సును గుద్దుకుంది. స్టీరింగ్ దగ్గర కునుకు పట్టిందని దర్యాప్తు తేల్చింది. వయసు 28.

అభిమానుల్లో ఓ కథ ఉంది: కారు నుజ్జయింది కానీ అందులోని టేపు మాత్రం చెక్కుచెదరలేదని. వినడానికి బాగుంటుంది. నిజం కాదు. టేపు అంతకుముందే తన కారులో లెనిన్‌గ్రాద్ చేరిందని కాస్పర్యాన్ చెప్పాడు. నాకు కట్టుకథ కన్నా ఈ నిజమే బరువుగా తోస్తుంది. కారు నడిపి ఇల్లు చేరిన స్నేహితుడి దగ్గర టేపు ఉంది, అందులో గొంతు ఉంది, అందింది మాత్రం చావు కబురు.

బొగోస్లోవ్‌స్కోయె శ్మశానంలో ఆగస్టు 19న పూడ్చారు. అభిమానులు అక్కడే గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉండిపోయారు. బృందంలో మిగిలినవాళ్ల దుఃఖం పని రూపంలో బయటపడింది. కాస్పర్యాన్, బేస్ గిటారిస్టు తిఖోమిరోవ్, డ్రమ్మరు గుర్యానోవ్ ఆ నమూనా గొంతు మీదే తమ వాయిద్యాలు పేర్చారు. అతను ఇంకోసారి బాగా పాడదామనుకుని వదిలేసిన చోట్లు అలాగే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో మిక్సింగ్ చేయించి, 1991 జనవరిలో విడుదల చేశారు. పేరు పెట్టలేదు. నల్లటి అట్ట మీద తెల్లటి అక్షరాలతో 'కినో' అని, అంతే. 'నల్ల ఆల్బమ్' అన్న పేరు జనం పెట్టిందే.

అప్పట్నుంచీ జనం దాన్ని జాతకంలా వింటున్నారు. వేసవి అయిపోతుందనే పాట ఉందా, అదిగో ముందే తెలుసన్నమాట అంటారు. జాగ్రత్తగా ఉండమని చెప్పే పాట ఉందా, ఇంకేం కావాలంటారు. ఆ రెండో పాట అతను ఎన్నో ఏళ్ల ముందే కచేరీల్లో పాడిందన్న సంగతి మాత్రం మరచిపోతారు. పోయినవాడి ప్రతి మాటలో చావును వెతకడం మనకూ అలవాటే కానీ, త్సోయ్ విషయంలో అది అన్యాయం. అతను 28 ఏళ్ల కుర్రాడు, తర్వాతి పాటల కోసం టేపు తిప్పుతున్నాడు.

2021లో కాస్పర్యాన్, తిఖోమిరోవ్ పాత టేపుల్లోంచి త్సోయ్ గొంతు విడదీసి, దానికి వాయిస్తూ కచేరీలు చేశారు. అతను బతికుండగా పుట్టని పిల్లలు కూడా గొంతు కలిపారు.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు ఒక్క మాట. 'నల్ల ఆల్బమ్'తో మొదలుపెట్టకండి. '45'తో మొదలుపెట్టండి. అందులో లోకల్ రైలు మీద ఓ పాట ఉంది, అల్యూమినియం దోసకాయల మీద ఇంకోటి ఉంది. పాడుతున్న కుర్రాడికి అప్పుడు ఇరవై ఏళ్లు.